ఏడో నంబరు గేజి

"ఇమడనిదాన్ని తీసి పారెయ్యి అమ్మాయ్," అన్నాడు వెసొంగా. "పదకొండు ఇమిడాయి. ఒక్కటి మొండికేస్తే దానికోసం కూర్చుంటామా?"

అపొండి స్క్రీను మీంచి తల తిప్పలేదు. సరస్సు ఒడ్డు నగరం కిసుములోని ఆ వరద హెచ్చరికల ఆఫీసులో ఆమె చేరి ఐదు నెలలైంది. వెసొంగా ఆమె పై అధికారి. న్జోయా నది పొడవునా నీటిమట్టం కొలిచే గేజిలు పన్నెండున్నాయి. నాలుగు దేశాల సరుకు, నాలుగు రకాల భాష. ఒక్కోదానితో మాట్లాడే డ్రైవర్ కోడును ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి వెళ్లిపోయారు. కొత్త గేజి పెట్టినప్పుడల్లా పాతది ఒకటి మూగబోయేది. ఆ చిక్కుముడి విప్పమనే ఆమెను తీసుకున్నారు.

ఆమె సి అనే కంప్యూటర్ భాషలో అన్నిటికీ కలిపి ఒకే అచ్చు కట్టింది. గేజి ఏదైనా సరే, మూడే గదులు. నిద్ర లేపడానికొకటి, నీటిమట్టం అడగడానికొకటి, ఒంట్లో ఎలా ఉందో అడగడానికొకటి. ఒక్కో గదిలో ఆ పని చేసే ఫంక్షన్ చిరునామా ఉంటుంది. లోపలున్నది లేజరో, తేలే బంతో పైనున్న ప్రోగ్రాముకు అక్కర్లేదు. అడుగుతుంది, జవాబు తీసుకుంటుంది.

చిక్కల్లా ఏడో నంబరుతోనే. దాని మూడో గదిలో పెట్టడానికి ఏమీ లేదు. బ్యాటరీ ఎంతుందో చెప్పదు, లోపం ఉంటే చెప్పదు. అన్నిట్లాగే సిమ్ కార్డు మీద గంటకోసారి ఒక అంకె పంపుతుంది. చీకటి పడితే ఆగిపోతుంది. సోలార్ కాబోలు అనుకుంది అపొండి. తయారీదారు పేరు ఉండాల్సిన చోట 'స్థానికం' అని మాత్రం ఉంది.

"పైగా ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా పలకదు. ఏం, చర్చికి పోతుందా?" అని వెసొంగా వెళ్లిపోయాడు.

ఏడో నంబరు కోడు రాసిన ఒగుటు పదవీ విరమణ చేసి సియాయాలో కర్రపెండలం పండించుకుంటున్నాడు. అపొండి ఫోన్ చేసింది.

"బాబా, ఏడో నంబరు ఏ రకం?"

"రకంతో నీకేం పని? అడిగితే జవాబిస్తోందా లేదా?"

"ఇస్తోంది. ఒంటి సంగతే చెప్పడం లేదు. ఎప్పుడూ పాడవలేదా?"

"తొమ్మిదేళ్లలో ఒకసారి వారం రోజులు పలకలేదు. తర్వాత దానంతటదే బాగైంది."

"అక్కడ ఎవరు పెట్టారు దాన్ని?"

ఒగుటు నవ్వాడు. "ఎవరూ పెట్టలేదమ్మా. నేను వెళ్లేసరికే అక్కడుంది. నది సంగతి దానికి తెలిసినంత నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఒకసారి పోయి చూసి రారాదూ?"

"సార్ తీసెయ్యమంటున్నారు. నా అచ్చులో ఇమడట్లేదు."

"నీ అచ్చు పెద్దదా, నది పెద్దదా?" అన్నాడు.

ఆ మాట ఆమెను రెండు రోజులు వదల్లేదు. లోపం ఏడో నంబరులో లేదు. ప్రతిదీ తన కడుపులోని సంగతి చెప్పి తీరాలని పట్టుబట్టిన తన అచ్చులోనే ఉంది. మూడో గది ఖాళీగా ఉండొచ్చని మార్చింది. చిరునామా లేకపోతే ఆ ప్రశ్న అడగొద్దు, అంతేగాని చెడిపోయిందనొద్దు. నాలుగు వరసల కోడు.

"ఒక్క వానాకాలం చూస్తా," అని సంతకం పెట్టాడు వెసొంగా.

మే నెలలో నదికి ఎగువన ఎల్గోన్ కొండల మీద మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. ఆదివారం తెల్లవారేసరికి అందరూ ఆఫీసులోనే ఉన్నారు. ఎగువనున్న గేజిని కొట్టుకొచ్చిన మాను ఎత్తుకుపోయింది. తర్వాత రెండోది, నాలుగోది. ఎనిమిదిన్నరకు తెర మీద పదకొండు గేజిల గడులూ ఎరుపెక్కాయి. ఏడో నంబరు ఒక్కటే ఆకుపచ్చగా ఉంది. దిగువన కరకట్ట చాటున పదహారు ఊళ్లున్నాయి.

తొమ్మిదైంది. అంకె రాలేదు.

ఇంకో రెండు గంటలు అది పలకదని అందరికీ తెలుసు.

తొమ్మిదీ నాలుగుకు తెర మీద 345 సెంటీమీటర్లని పడింది. పది నిమిషాలకే 355. మళ్లీ పది నిమిషాలకు 370.

"గంటకోసారే కదా పంపేది," అన్నాడు వెసొంగా గొంతు తగ్గించి. "నీళ్లు పెరిగితే తొందరగా పంపమని ఎవరు చెప్పారు దానికి?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఆ కోడంతా నేను చదివాను. అలాంటి మాటే అందులో లేదు."

చెబుతుంటే ఆమె ఒళ్లు జలదరించింది. చిన్నప్పుడు మొదటిసారి సరస్సు మీద తుఫాను చూసినప్పటి జలదరింపు అది.

ప్రమాద మట్టం దాటి 415 పడగానే సైరన్లు మోగించమన్నారు. పదహారు ఊళ్ల జనం మేకల్ని, పరుపుల్ని, ముసలివాళ్లని మోసుకుంటూ మెరక మీది బడికి చేరారు. పదకొండుకు పది నిమిషాలుండగా కట్ట తెగింది. అప్పటికి ఇళ్లలో ఒక్కరూ లేరు.

నాలుగోనాడు వెసొంగా, అపొండి ఏడో నంబరును చూడ్డానికి పడవలో బయల్దేరారు.

"దాన్ని చేసినవాడెవడో కనుక్కుని ఇలాంటివే పదకొండు తెప్పిద్దాం," అన్నాడు వెసొంగా.

రేవులో దిగి వెతికారు. పెట్టె లేదు, తీగ లేదు, సోలార్ పలక లేదు. గాట్లు పెట్టిన దుంగ ఒకటి నీళ్లలో నిలబడి ఉంది. ఒడ్డున ఒక ముసలావిడ చిరిగిన వల ముందేసుకుని కుడుతోంది.

"అమ్మా," అడిగాడు వెసొంగా, "ఇక్కడ ఏడో నంబరని ఉండాలి, ఎటుంది?"

ఆమె వల పక్కన పెట్టి, దుంగ వైపు ఒకసారి చూసి, నడుం గుడ్డలోంచి ఫోను తీసి ఏదో నొక్కింది. అపొండి చేతిలోని ఫోనులో ఏడో నంబరు గడిలో 290 అని పడింది.

"నేనే నాయనా," అందామె.