నాయక్ చెప్పిండు

"ఇంకో కాయితం తీస్కో నందినీ. మీ జైరాం మామ పాగా కట్టుకోనంటుండు గదా, తండాకు నాయక్‌గ ఉండలేనంటుండు. వాళ్ల నాయనంత గుండె తనకు లేదంటుండు. గందుకే ఆ వానల నాటి ముచ్చట చెప్తున్న. ఉన్నదున్నట్టు రాయి బిడ్డా."

ఆ రోజు తెల్లారేసరికి కోదాడ దారి మునిగిపోయింది. తండాకు ఎగువన కాలువ కట్ట నెర్రెలిచ్చి, సందుల్లోంచి మట్టినీళ్లు కారుతున్నాయి. కట్ట తెగితే నలభై ఇళ్లూ కొట్టుకుపోతాయి.

మగవాళ్లంతా హరిలాల్ నాయక్ వాకిట్లో చేరారు. ఆయన మాట లేనిదే ఆ తండాలో పెళ్లి ముహూర్తం కూడా పెట్టరు. సూర్యాపేట దవాఖాన నుంచి తెచ్చిన నాటి నుంచి నాయక్ మంచం దిగలేదు. ఇంట్లో ఆడదిక్కు లేదు. కొడుకు జైరాం మిర్యాలగూడ మిల్లులో చిక్కుబడ్డాడు. గంజి తాగించేదీ, పక్క మార్చేదీ పక్కింటి ఫకీరా ఒక్కడే.

"నువ్వే పోయి అడుగు," అన్నారు.

నలుగురిలో నోరు తెరవాలంటే ఫకీరాకు చెమటలు పడతాయి. ఇంకెవరినైనా పంపమన్నాడు. ఎవరూ కదల్లేదు. చివరికి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు.

వచ్చినప్పుడు మొహంలో నెత్తురు లేదు. కాలువ వైపు చూశాడు.

"గుట్ట మీది బడికి పోవాల్నట. ముసలోళ్లు, పిల్లలు ముందు. మేకల తాళ్లు కోసి ఇడిసిపెట్టాల్నట. నాయక్ చెప్పిండు."

తండా కదిలింది. బియ్యం మూట కోసం వెనక్కి తిరిగిన పెళ్లాం జమ్లీని ఫకీరా కసిరాడు. కాపురానికొచ్చిన నాటి నుంచి అదే మొదటిసారి. పొద్దున్నే తాగినవా అంటూనే ఆమె మూట వదిలేసింది.

జవహర్ మాత్రం ట్రాక్టర్ తీశాడు. కట్ట మీదుగా పోతే పది నిమిషాల్లో మెయిన్ రోడ్డెక్కొచ్చన్నాడు. ఇరవై మంది ట్రాలీలోకి ఎక్కేశారు. ఫకీరా మళ్లీ లోపలికి పరుగెత్తి, వెంటనే బయటికొచ్చాడు.

"కట్ట మీద చక్రం పెట్టొద్దట."

"ఆయననే చెప్పుమను. ఆయన నోటినుంచే ఇంట," అని జవహర్ దిగి గడప దాకా వచ్చాడు.

ఫకీరా తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పో లోపలికి. నీ పెండ్లిల తాగి పడ్డనాడు ఎట్ల తిట్టిండో యాదికుంటే పో."

ట్రాలీలో ఎవరో నవ్వారు. జవహర్ తల గోక్కుని, వెనక్కి పోయి ట్రాక్టర్ ఆపేశాడు.

అందరూ దాటాక నలుగురు నాయక్ మంచం ఎత్తారు. తలవైపు ఫకీరానే పట్టాడు. తల నుంచి కాళ్ల దాకా టార్పాలిన్ పట్టా కప్పి, ముసురుకు దగ్గు లేస్తుందని ఎవర్నీ తియ్యనివ్వలేదు.

మంచం బడి మెట్లెక్కుతుండగా కట్ట తెగింది. ఇళ్లు పోయాయి. నీళ్లలో ఒక్క మనిషీ పోలేదు.

మధ్యాహ్నం నాయక్ కన్నుమూశాడని ఫకీరా చెబితే తండా అంతా గొల్లుమంది. చావు మంచం మీద కూడా నలభై ఇళ్లను నడిపించాడని ఆయన పేర బడి ముందు రాయి పాతారు. నాయక్ పాగా మూడేళ్లుగా అట్లాగే పెట్టెలో ఉంది.

"ఇగ ఈ కాయితం మిర్యాలగూడకు తీస్కపోయి మీ జైరాం మామకు చదివి ఇనిపియ్యి బిడ్డా, నేను మొదటిసారి ఆ తలుపు తీసేసరికే వాళ్ల నాయన కట్టె లెక్క సల్లబడి ఉన్నడని."