బాపురావు ఇంట్లో నాష్టా

పొద్దున ఏడింటికి ఎడపల్లిలో బాపురావు ఇంటి తలుపు కొట్టారు పోలీసులు.

పదింటికి బోధన్‌కు మంత్రి వస్తున్నాడు. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీని తెరిపిస్తానని ఓట్లప్పుడు మాటిచ్చిన మంత్రే. ఆ మాట ఏమైందని కారు ఆపి మరీ అడుగుతానని చెరుకు రైతుల లీడర్ బాపురావు ఊరూరా చెప్పాడు. రోడ్డు మీద గుంత పూడ్చడానికి సర్కారుకు మనుషులు దొరకరు. అడిగేవాడి ఇంటి ముందు కావలి కూర్చోబెట్టడానికి మాత్రం ఎంతమందైనా దొరుకుతారు. మంత్రి వచ్చి పోయేదాకా బాపురావు గడప దాటొద్దు. ఆర్డరు అదీ.

వచ్చింది ఇద్దరు. హెడ్ కానిస్టేబుల్ భానుప్రసాద్, కానిస్టేబుల్ విష్ణు. బందోబస్తు కోసం బయటి జిల్లా నుంచి తెచ్చినవాళ్లు. వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఒక అడ్రసు, వాట్సాప్‌లో వచ్చిన ఒక ధర్నా ఫొటో. అందులో పచ్చ కండువా, నెరిసిన గడ్డం తప్ప కంటికి ఏమీ ఆనడం లేదు.

తలుపు తీసిన మనిషి మెడలో పచ్చ కండువా ఉంది. గడ్డం నెరిసే ఉంది.

"బాపురావు ఇల్లు ఇదేనా?"

"ఇదే సార్. రాండ్రి, లోపల కూసోండ్రి."

"గొడవ చెయ్యకన్నా. మంత్రి పొయ్యేదాకా ఇల్లు దాటకు. మా కొలువుల మీదికి తేకు."

"నేనేడికి వోత సార్? గీడనే ఉంట. మీరు గూడ గీడనే ఉండుండ్రి."

గేటు దగ్గర కుక్క ఒకటే మొరుగుడు. విష్ణు కాసేపు చూశాడు.

"అన్నా, అది మమ్మల్ని వదిలేసి నిన్ను చూసి మొరుగుతుందేంది?"

"ఖాకీ అంటే బుగులు దానికి. కాపాడుమని నన్ను పిలుస్తుంది."

ఎనిమిదింటికి బోధన్ బందోబస్తులో ఉన్న ఎస్సై భానుప్రసాద్‌కు ఫోన్ చేశాడు. "బాపురావు ఉన్నడా?"

"ఉన్నడు సార్. కండ్ల ముందలే."

విష్ణు కడుపు గుర్రుమంది. రాత్రి మూడింటికి వ్యాన్ ఎక్కించారు వాళ్లను. బందోబస్తుకు పంపేవాడు లాఠీ ఇస్తాడు గాని ఇడ్లీ ఇస్తాడా? ఆ చప్పుడు విని పచ్చ కండువా ఆయన లేచాడు.

"ఫ్రెంచ్ టోస్ట్ తింటరా?"

"గదేంది?"

"బ్రెడ్డు, గుడ్డు, పాలు, దాల్చినచెక్క."

"దాల్చినచెక్క బిర్యానీలో వేస్తరు కదన్నా!"

"అండ్ల గూడ ఏస్తరు."

ఇద్దరూ ఆయన వెంటే వంటింట్లోకి నడిచారు. కళ్లు తిప్పొద్దని ఆర్డరు కదా. ఆయన గిన్నెలో నాలుగు గుడ్లు కొట్టి, పాలు పోసి గిలకొట్టాడు. జేబులోంచి పొట్లం తీసి దాల్చినచెక్క పొడి చల్లాడు.

"జేబులో పెట్టుకొని తిరుగుతవా దీన్ని?" అన్నాడు భానుప్రసాద్.

"కొందరు బీడీలు వెట్టుకుంటరు సార్. నాకు గిది."

తర్వాత చక్కెర కోసం అరలు వెతికాడు. మొదటి డబ్బా తీస్తే రవ్వ. రెండోది పసుపు. మూడోది ఉప్పు. నాలుగోది మినప్పప్పు.

"నీ ఇంట్లో చక్కెర డబ్బా నీకే తెల్వదా?"

"ఇంటామె వేల్పూర్ల తల్లిగారింటికి వోయింది సార్. డబ్బాల సంగతి ఆమెకే ఎరుక."

భానుప్రసాద్ పకపకా నవ్వాడు. "మా ఇంట్లో నాదీ ఇదే కథ."

చక్కెర దొరకలేదు. మూలనున్న బెల్లం గడ్డ దొరికింది. దాన్ని దంచి గిన్నెలో కలిపాడు. నిన్నటి బ్రెడ్డు ముక్కలు ముంచి, నెయ్యి వేసిన పెనం మీద పరిచాడు. సన్న సెగ. కమ్మని వాసన లేచింది. మణికట్టు ఒక్కసారి ఊపితే మూడు ముక్కలూ గాల్లో తిరిగి బోర్లా పడ్డాయి.

"లీడర్‌వి, ఈ పని ఎప్పుడు నేర్చినవన్నా?"

"కడుపు నేర్పుతది సార్."

విష్ణు ఒక ముక్క తిని కళ్లు మూసుకున్నాడు. రెండోది తిన్నాక అడిగాడు. "అసలు మీ లొల్లి ఏందన్నా?"

"చెరుకు గీడ పండుతది. మిల్లు వేరే జిల్లాల నడుస్తది. లారీ వచ్చేదాక చెరుకు చేన్లనే ఎండుతది. మిల్లు తెరువుమని అడుగుడు లొల్లి అంటే, లొల్లే."

విష్ణు ప్లేటు ముందుకు జరిపాడు. "ఇంకో రెండు వెయ్యన్నా."

తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. "ఏం చేస్తుండు?"

"టోస్టులు కాలుస్తుండు సార్."

"ఏంది?"

"నాష్టా సార్, నాష్టా! ఇల్లు కదలలేదు."

ఎస్సై నిమ్మళపడ్డాడు. భానుప్రసాద్ నడుం బెల్టు ఒక రంధ్రం వదులు చేశాడు. ఇంత చల్లటి డ్యూటీ పడి ఎన్నేళ్లయిందో. బ్రెడ్డు అయిపోతే విష్ణే పరుగున పోయి దుకాణంలో ఇంకో ప్యాకెట్ తెచ్చాడు. తెచ్చినవాడికి మూడు ముక్కలు ఎక్కువ పడ్డాయి.

పదీ అయిదుకు ఫోన్ మోగింది. ఎస్సై గొంతు వెనక వందల గొంతులు. నినాదాలు, విజిళ్లు, హారన్లు.

"ఈడ లొల్లి షురువైంది! ఎవడో ముసలోడు మొఖం మీద పచ్చ కండువా కప్పుకొని మంత్రి కారుకు అడ్డం పండుకున్నడు. లేపుతే లేస్తలేడు. జనం మా మాట ఇంటలేరు. బాపురావుకు ఫోనియ్యి. వాళ్లను జరుగుమని ఆయన్నే చెప్పుమను. ఆయన గొంతు నాకు తెలుసు, జల్ది ఇయ్యి!"

"అన్నా, నీకే," అన్నాడు భానుప్రసాద్.

ఆయన పెనం దించి, కండువాతో చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు.

"సలాం సార్, నేను దుబాయి హోటల్ల పద్నాలుగేండ్లు నాష్టా మాస్టర్ జేసొచ్చిన జహూర్‌ని, మీ కాళ్లకాడ పండుకున్న బాపురావుకే జర ఫోనియ్యుండ్రి, చక్కెర డబ్బా ఏడ వెట్టిండో అడగాలె."