నల్లసామ మొలక

చేతికి తొడుగు వేసుకుంటే చాలు, విశ్వవిద్యాలయంలో దాచిన ఏ శిలనైనా, శిల్పాన్నైనా, ఎండు మొక్కనైనా ఇంట్లోనే తాకి చూడగలిగే రోజులవి. అసలు వస్తువులున్న గదుల వైపు ఎవరూ రావడం లేదు. ఎండిన మొక్కలను అట్టలకు కుట్టి దాచిన గదిని ఆ నెలాఖరుకు ఖాళీ చేయాలని నిర్ణయించారు. ఇరవై ఏళ్లుగా దాన్ని చూసుకుంటున్న హైమ బీరువాలు సర్దుతుండగా, అరకు కొండల నుంచి కిల్లో సుందరమ్మ అనే రైతు వచ్చింది.

"మీ నల్లసామను తొడుగుతో ముట్టుకున్నానమ్మా. మా అమ్మ పండించిన సామే అది. ఇప్పుడెక్కడా ఇత్తనం లేదు. నాలుగు గింజలిస్తావా?"

"అరవై ఏళ్ల నాటివమ్మా. మొలవవేమో."

"మొలవకపోతే మానె. అడక్కుండా ఎలా పోను?"

హైమ విభాగాధిపతిని ఒప్పించి, అట్ట మీది కంకి నుంచి పన్నెండు గింజలు తీసింది. సుందరమ్మ ఊళ్లోనే ఆగిపోయింది; గింజల్ని తడిగుడ్డలో పెట్టి ఇద్దరూ రోజూ చూశారు. పదకొండు కుళ్లిపోయాయి. తొమ్మిదో రోజున మిగిలిన ఒక్కటి తెల్లగా మొలకెత్తింది. విభాగాధిపతి వచ్చి, వంగి చాలాసేపు చూశారు. ఆ సాయంత్రమే గది ఖాళీ చేయాలన్న ఉత్తర్వు రద్దయింది.

రెండేళ్లకు సుందరమ్మ తన పొలం నుంచి కంకితో సహా ఒక మొక్క తెచ్చింది. హైమ దాన్ని ఆరబెట్టి, కొత్త అట్టకు కుట్టి, కలం తీసింది.

"ఇచ్చినవారి పేరు రాయాలి. మీ పేరే కదా?"

"మా అమ్మ పేరు రాయమ్మా. సోనాయి."

హైమ ఇద్దరి పేర్లూ రాసింది.