పడిపోయిన షుగరు

మిషన్ మీద అంకె చూసి మస్తాన్‌కి ముచ్చెమటలు పట్టాయి. 7.8.

వేలు తుడుచుకుని ఇంకోసారి పొడుచుకున్నాడు. ఈసారి 7.9.

మూడు నెలల క్రితం సెలవు మీద రాయచోటికి వెళ్ళినప్పుడు డాక్టరు రాసిచ్చిన చీటీ అతనికి కంఠతా వచ్చు. పరగడుపున షుగరు 280. కొలెస్ట్రాల్ 260. "నువ్వు డ్రైవరువి. ఇట్లాగే తింటే ముందు కళ్ళు పోతాయి, తర్వాత ఉద్యోగం పోతుంది. మాత్రలు వేసుకో. తిండి తగ్గించు. నడువు" అన్నాడాయన.

మస్తాన్ మాట మీద నిలబడే మనిషి. ముఐథర్‌లో అరబ్బు యజమాని ఇంటికి తిరిగొచ్చిన రోజునుంచీ అన్నం మానేశాడు. లోపలినుంచి మజ్బూస్ పళ్ళెం పంపితే, అంత మాంసమూ అన్నమూ కళ్ళు మూసుకుని తోటమాలికి ఇచ్చేశాడు. పొద్దున చిన్న రాగి ముద్ద, రాత్రికి రెండు పుల్కాలు, కీరదోసకాయ. ఆ ఇంటి పిల్లల్ని బడిలో దింపొచ్చాక, ఎండ ముదరకముందే పార్కు చుట్టూ గంట నడక. ప్యాంటు రెండంగుళాలు వదులైంది. ఎంత తగ్గిందో చూసుకుందామని ఆ హుషారులోనే ఐన్ ఖాలిద్‌లో మందుల షాపుకెళ్ళి మిషన్ కొన్నాడు.

తగ్గడమా? పాతాళానికి పడిపోయింది.

ఊరికి ఫోను చేస్తే భార్య మాబున్నీసా కెవ్వుమంది.

"ఏడా! ఏడేందయ్యా? మా చిన్నాయన నలభైకి పడితేనే లేయలేదు గదా. చేన్లో పడినోడు పడినట్టే పోయినాడు. కడుపు మాడ్చుకుంటే ఇంతే. ముందు నోట్లో ఇంత తీపి ఏసుకో. ఆ మాత్రలు పారెయ్!"

"మిషన్ తప్పు చూపిస్తాండాదేమోలే."

"తప్పయితే రెండుసార్లూ ఒకే మాదిరి ఎట్ల చూపిస్తాది?"

 మస్తాన్ చూసుకుంటే చేతులు కూడా వణుకుతున్నాయి. షుగరు పడిపోతే చేతులు వణుకుతాయని ఎవరికి తెలియదు?

ఆ ఇంట్లో ఖర్జూరాలకు కరువేముంది. గుప్పెడు తిన్నాడు. మాత్రల అట్ట చెత్తబుట్టలో పడేశాడు. నడక కట్టిపెట్టాడు.

వారం తిరిగేసరికి 11. మస్తాన్‌కి ప్రాణం లేచొచ్చింది. మాబున్నీసా దర్గాకి పోయి చక్కెర చదివించొచ్చింది. రెండో వారం 15. అయినా వంద ఎక్కడ, పదిహేను ఎక్కడ! ఇలా కాదని పొద్దున పళ్ళరసం, మధ్యాహ్నం మళ్ళీ అన్నం, సాయంత్రం కరక్ చాయ్‌లో నాలుగు చెంచాల పంచదార మొదలెట్టాడు.

ఒళ్ళు మాత్రం మాట వినలేదు. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పిడచగట్టుకుపోతోంది. కాళ్ళలో సత్తువ లేదు. దూరంగా ఉన్న బోర్డుల మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పడిపోయిన షుగరు అంత తేలిగ్గా వదులుతుందా అనుకుని, ఇంకో నాలుగు ఖర్జూరాలు నోట్లో వేసుకునేవాడు.

ఇంట్లో చెప్పుకోవడానికి లేదు. యజమాని బాబాకి తెలిస్తే మర్నాడే విమానం టికెట్ చేతిలో పెడతాడు. కళ్ళు తిరిగే డ్రైవరు చేతిలో పిల్లల్ని ఎవరు పెడతారు? తనైనా పెట్టడు. అది తల్చుకుంటేనే మస్తాన్‌కి ఒళ్ళు జలదరించేది. ఆ పిల్లలిద్దర్నీ పురిటి ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చింది అతనే.

మూడో వారంలో ఒక పొద్దున, బడికి పోయే దారిలో, వెనక సీట్లోంచి ఏడేళ్ళ నూరా గట్టిగా అరిచింది.

"మస్తాన్! అహ్మర్! అహ్మర్!"

అహ్మర్ అంటే ఎరుపు. ఎర్ర దీపం. అతనికి కనబడనే లేదు. బ్రేకు తొక్కితే బండి తెల్లగీత దాటి ఆగింది. ముందునుంచి నీళ్ళ ట్యాంకరు హోరున పోయింది.

"మీ అమ్మకి చెప్పకు తల్లీ" అని వచ్చిన అరబ్బీలో బతిమాలాడు. పాప సరేనని తలూపింది. పక్కన తమ్ముడు నిద్ర లేవలేదు.

ఆ సాయంత్రం ఈ సంగతి విని మాబున్నీసా ఏడ్చింది. "ఆ నర్సమ్మనన్నా అడగయ్యా. మన తెలుగు పిల్లే గదా, ఎవరికీ చెప్పదులే."

నర్సమ్మ అంటే ఫెబి. భీమవరం అమ్మాయి. మేడమ్‌ని క్లినిక్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా అన్నయ్యా అని నోరారా పలకరిస్తుంది.

మర్నాడు పొద్దున్నే మస్తాన్ వేలు పొడుచుకున్నాడు. 26!

గదిలో ఒక్కడే నవ్వుకున్నాడు. ఈ లెక్కన ఇంకో రెండు నెలలు కష్టపడితే వందకి చేరడం ఖాయం. అంకెను ఫొటో తీసి ఫెబికి పంపాడు. "అమ్మా, నాకు షుగరు పడిపోయింది. తీపి తిని తిని ఇంతకాడికి తెచ్చినా. తొందరగా ఎక్కాలంటే ఇంకేం తినాల? పిల్లల్ని బడికి తీసుకపోతాండా, నిదానంగా చెప్పు" అని గొంతు రికార్డు చేసి పెట్టాడు.

పిల్లలు బండెక్కారు. "యల్లా, మస్తాన్!" అని తొందరపెట్టింది నూరా.

బండి పెద్ద రోడ్డెక్కింది. ముందు పోయే కార్ల దీపాలు ఒకటికి రెండుగా కనబడుతున్నాయి. మస్తాన్ మామిడి రసం సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. బండి వేగం అందుకుంది.

ఎదురుగా తగిలించిన ఫోను వెలిగింది. అతను చూడలేదు. నడిపేటప్పుడు ఫోను ముట్టుకోకపోవడంలో మస్తాన్ మహా నిక్కచ్చి. పద్నాలుగేళ్ళలో ఒక్క జరిమానా ఎరగడు.

ఫెబి పంపింది ఒక్కటే వాక్యం: "అన్నయ్యా, బండి తియ్యకండి, ఇక్కడి మిషన్‌లో ఒకటంటే మన ఊరి లెక్కలో పద్దెనిమిదండీ, మీ షుగరు ఇప్పుడు నాలుగొందల డెబ్బై!"