బ్రేకు పైపు వయసు

దాచేపల్లి దగ్గరి ఒక సున్నపురాయి క్వారీ ఆఫీసులో, మెకానిక్కు మస్తాన్‌వలి ఉద్యోగం ఉంటుందో పోతుందో ఆ ఉదయం తేలాలి. టిప్పర్లకైనా జీపుకైనా ఆరు నెలలకోసారి బ్రేకు పైపులు మార్చాలన్నది రూలు. అతను ఎనిమిది టిప్పర్లకు రెండేళ్లుగా మార్చలేదు.

"జనాన్ని చంపుదామనుకున్నావా?" అన్నాడు మేనేజరు సుధీర్.

మస్తాన్‌వలి నోటుపుస్తకం తెరిచాడు. నాలుగేళ్లలో పగిలిన ప్రతి పైపుకూ బిగించిన తేదీ, పగిలిన తేదీ అందులో ఉన్నాయి.

"పంతొమ్మిది పగిలినయ్ సారూ. పదహారు బిగించిన పది రోజుల్లోపే. పది రోజులు దాటిందంటే రెండేళ్లయినా ఆగుద్ది. నేను మార్చని ఎనిమిదింట్లో ఒక్కటీ పగల్లేదు. కొత్తదే చానా డేంజరు."

"పానా తిప్పేటోడివి, నాకు లెక్కలు చెప్తావా ఏందిరా?"

సుధీర్ తొలగింపు కాగితం మీద సంతకం పెట్టి అతని ముందుకు విసిరాడు.

మస్తాన్‌వలి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ జీపుకి మాత్రం రూలు తప్పలేదు సారూ. పొద్దున్నే కొత్తది బిగించా."

సుధీర్ కిటికీలోంచి జీపును చూశాడు. దాని ముందున్న దిగుడు దారినీ చూశాడు.

"పోయేముందు పాతదే మళ్లీ బిగించి పో."

"మీరే బిగించుకోండి. నేనిప్పుడు మీ మెకానిక్కుని కాదుగా."