నెత్తుటి అంగి

"నీ పెనిమిటి లేకుంటే నేను బతుకకపోదును బిడ్డా," అన్నడు పోశెట్టి, జమునతోని.

దుబాయి జైలు నుంచి వచ్చినంక జమున పెనిమిటి లక్ష్మీరాజం కోరుట్లల ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నడు. ఆ జైల్ల అతనితో ఉన్న పోశెట్టి ఇయ్యాల వెతుక్కుంటూ ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిండు.

"జైల్ల తోటి ఖైదీలు నన్ను సావగొట్టిండ్రు. ఎవ్వలు దగ్గరికి రాలే. ఈనె ఒక్కడే నా నెత్తుటి అంగి ఉతికి తొడిగిండు."

జమున మొగన్ని చూసి మురిసింది. లక్ష్మీరాజం ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టిండు.

"గది నీ మీద ప్రేమతోని గాదు కాకా. పోలీసులకు నెత్తురు కనవడద్దని, నిన్ను కొట్టినోళ్లే ఉతుకుమన్నరు. నేను పిరికోన్ని. వాళ్ల పనులన్ని చేస్తుంటి, అందుకే నన్ను ముట్టకపోదురు."

"మరి నా మొఖం కడిగినవ్ గదా?"

"గదీ వాళ్లే కడుగుమన్నరు."

జమున తల దించుకుంది. పోశెట్టి లేచి చెప్పులేసుకున్నడు. మెట్టు దిగినంక మళ్ల వెనక్కి తిరిగిండు.

"మరి ఇయ్యాల గీ మాట చెప్పుమని ఎవలన్నరు?"

లక్ష్మీరాజం మెట్టు మీదికి వచ్చిండు.

"ఎవ్వలు అనలేదు కాకా."