రత్నం కొత్త ఒప్పందం

విశాఖ మహిళా ఫుట్‌బాల్ జట్టులో నూకరత్నమే పెద్ద తార. ఆ రోజుల్లో ప్రతి క్రీడాకారిణి మోకాల్లోనూ ఒక చిప్ ఉండేది. ఆమె ఇంకా ఎన్నేళ్లు ఆడగలదో అది లీగుకు చెప్పేది. రత్నానికి రెండేళ్లే అని చెప్పింది.

ఒకరోజు మేనేజర్ శేషగిరి ఇంటికొచ్చాడు. "లీగు పెట్టిన జీతాల పరిమితి దాటిపోయాం. నీ జీతంలో సగం మూడో ఏడాదికి జరిపితే గోల్‌కీపర్ గౌరిని ఉంచుకోవచ్చు. లేదంటే పంపెయ్యాలి."

"మూడో ఏడు మోకాలే ఆడదంట గదా, ఆ డబ్బులెవులికిత్తారు బాబూ?" అంది తల్లి పైడమ్మ, చేపలు కడుగుతూ.

శేషగిరి తల దించుకున్నాడు. "ఆడితేనే ఇస్తారమ్మా. పైగా చిప్ రెండేళ్లే అంటుండగా లీగు మూడో ఏడాదికి ఒప్పుకోదు. తీయించుకుంటేనే కుదురుతుంది."

"తీయించుకుంటాను" అంది రత్నం.

"తీసేత్తే మోకాలు బాగుపడిపోద్దేటే?"

"పడదమ్మా. కానీ గౌరి లేకపోతే నేనేసినన్ని గోల్సూ మన వలలోనూ పడతాయి."

వారం తిరక్కుండా చిప్ తీయించుకుని రత్నం సంతకం పెట్టింది. మైదానంలో గౌరి ఆమె మోకాలి వైపు బెంగగా చూసింది.

"ఎలాగుందే?"

"తెలీదు" అంది రత్నం. ఆ మాట అనగలగడం ఆమెకే కొత్తగా ఉంది. "బంతి ఇటెయ్యి."